కాకో-2లో క్లాడిన్-1 బ్యాండే రావట్లేదు

ప్రశ్న (విశాఖపట్నం):
కాకో-2 (మనిషి పెద్దపేగు క్యాన్సర్ నుంచి వచ్చిన కణాలు)లో టైట్ జంక్షన్ (పక్కపక్క కణాలను బిగించే అతుకు) ప్రోటీన్లు క్లాడిన్-1, ఆక్లుడిన్‌లను వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను జెల్‌లో సైజువారీగా విడదీసి యాంటీబాడీతో పట్టే పద్ధతి)లో చూస్తున్నాం. క్లాడిన్-1 ఉండాల్సిన చోట ఖాళీ, బ్లాట్ పైఅంచున మరక. ఆక్లుడిన్‌కేమో 65 కిలోడాల్టన్ల పైన కూడా బ్యాండ్లు. శాంపిల్ 95 డిగ్రీల్లో 5 నిమిషాలు మరిగించాం. యాంటీబాడీ పాడైందంటారా?

జవాబు 1:
యాంటీబాడీని తర్వాత తిడుదురుగానీ, ముందు మరిగించడం ఆపండి. క్లాడిన్ కణపు పొరను నాలుగుసార్లు దాటే ప్రోటీన్. వేడికి ముద్దకట్టి జెల్‌లోకి దిగదు. 37 డిగ్రీల్లో 30 నిమిషాలు ఉంచండి. సైజు 20–25 కిలోడాల్టన్లే, కాబట్టి 12 శాతం జెల్, 0.2 మైక్రాన్ల రంధ్రాలున్న పీవీడీఎఫ్ (బ్లాట్ పొర) వాడండి. జెడ్‌ఓ-1 (జంక్షన్‌లోనే ఉండే ఇంకో ప్రోటీన్) దాదాపు 220 కిలోడాల్టన్లు ఉంటుంది, దానికి వేరే జెల్ పోయాల్సిందే.

ఆక్లుడిన్ పై బ్యాండ్లు చాలావరకు ఫాస్ఫేట్ చేరిన రూపాలు. ఫాస్ఫేట్‌ను తీసేసే ఎంజైమ్ ఫాస్ఫటేజ్ కలిపి చూడండి, కిందికి జారితే అవే.

ఇంకోటి, ఒక్క ట్రైటాన్ (డిటర్జెంట్)తో లైసిస్ చేస్తే, అంటే కణాలను పగలగొడితే, జంక్షన్‌లో ఉన్న భాగం కరగకుండా అడుగున మిగిలే పెల్లెట్‌లోనే ఉండిపోతుంది. పారబోయకండి, అదీ లోడ్ చేయండి.

జవాబు 2:
బ్యాండ్ వచ్చినా అది జంక్షన్‌లో ఉన్నట్టు కాదు, కణం లోపలి సంచుల్లోనూ క్లాడిన్ ఉంటుంది. ఇమ్యునోఫ్లోరసెన్స్ (మెరిసే యాంటీబాడీతో కణంలో ప్రోటీన్ ఎక్కడుందో చూడటం) తప్పదు. కణాలను మైనస్ 20 డిగ్రీల మెథనాల్‌లో 5–10 నిమిషాలు ఉంచి ఫిక్స్ చేయండి. ఫార్మాల్డిహైడ్ ఎక్కువైతే ఎపిటోప్ (యాంటీబాడీ పట్టుకునే చోటు) మూసుకుపోతుంది. మన సముద్రపు గాలికి మెథనాల్ తేమ లాగేస్తుంది, సీసా మూత బిగించే ఉంచండి. కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్‌లో క్లాడిన్ జెడ్‌ఓ-1 గీతతో కలవాలి. ఇ-క్యాడ్‌హెరిన్ (కణాలను అతికే వేరే ప్రోటీన్) దాని కిందుగా కనిపిస్తుంది.

ప్రశ్న వేసినవారు:
జంక్షన్‌లో కొత్త ప్రోటీన్లు వెతకాలంటే?

జవాబు 1:
జెడ్‌ఓ-1కి బయోటిన్ లైగేజ్ (పక్కనున్న ప్రోటీన్లకు బయోటిన్ గుర్తు అంటించే ఎంజైమ్) తగిలించి, 50 మైక్రోమోలార్ బయోటిన్ రాత్రంతా ఇవ్వండి. బయోటిన్‌ను పట్టే స్ట్రెప్టావిడిన్ పూసలతో వాటిని లాగి, తర్వాత మాస్ స్పెక్ (బరువును బట్టి ప్రోటీన్లను గుర్తించే యంత్రం). జెడ్‌ఓ-1 తగిలించని విడి లైగేజ్ కంట్రోల్ లేకపోతే ఆ జాబితా చెత్తబుట్టకే. దొరికేవి పొరుగున ఉన్నవి, అతుక్కున్నవే కానక్కర్లేదు.