అప్‌డేట్: ఫ్యాన్ తిరుగుతోంది, గాలే రేడియోకి చేరట్లేదు

నాలుగు సీట్ల సింగిల్ ఇంజిన్ విమానంలో, ఎండలో అరగంట నేల మీదుంటే రెండో రేడియో ట్రాన్స్‌మిషన్ బలహీనపడుతోందని అడిగాను కదా. కారణం దొరికింది: చల్లబరిచే గాలి అందక రేడియో వేడెక్కుతోంది, తప్పు దానిది కాదు.

పరికరాల ప్యానెల్ వెనక, రేడియోలని చల్లబరిచే ఫ్యాన్‌కి ఐదు అవుట్‌లెట్లు. గొట్టాలున్నది మూడింటికే, మిగతా రెండింటికి మూతల్లేవు. గాలి తేలిక దారి చూసుకుని అటే పోయింది. పైగా రెండో రేడియోకెళ్లే 5/8 అంగుళాల గొట్టం బ్రాకెట్ మూల దగ్గర మడతపడి నొక్కుకుపోయింది. దాని చివర టిష్యూ ముక్క పెడితే కదల్లేదు. ఫ్యాన్ శబ్దం విని సరిపెట్టుకుంటే ఇది ఎప్పటికీ బయటపడదు.

లైసెన్స్ ఉన్న ఇంజినీరు మూతలు బిగించి, గొట్టం మార్చి వెడల్పు వంపుతో తిప్పారు. యోక్‌ని (పైలట్ పట్టుకుని విమానాన్ని నడిపే చక్రం) రెండు వైపులా చివరిదాకా తిప్పి, ముందుకూ వెనక్కూ జరిపి, గొట్టం దేనికీ తగలట్లేదని చూశాకే ప్యానెల్ మూసి లాగ్‌బుక్‌లో రాశారు. ఫ్యాన్ చోటు మారిస్తే దిక్సూచి కూడా సరిచూడాలి, మోటారులో అయస్కాంతం ఉంటుంది.

బయట స్కూప్ (ఎదురుగాలిని లోపలికి పట్టే మూతి) పెట్టి గాలిని నేరుగా రేడియోకి ఇవ్వమన్న సలహా వద్దనుకున్నాం. వానలో నీళ్లూ అదే దారిన వస్తాయి. నేల మీద, అసలు అవసరమైనప్పుడు, ఆ గాలి పెద్దగా రాదు.