సంగీత చరిత్ర–సాహిత్యం డిగ్రీలోనే చదవాలా, పీజీలో చూసుకోవచ్చా?

మధ్యమశ్రుతి:
అందరికీ నమస్కారం. వచ్చే ఏడాది డిగ్రీలో చేరాలి. ఎనిమిదేళ్లుగా పియానో నేర్చుకుంటున్నాను. బాగానే వాయిస్తాను గానీ, కచేరీలు చేసి బతికేంత చేయి కాదని నాకు తెలుసు. నా ప్రాణమంతా ఇంకోచోట ఉంది. కొత్త రచన చేతికి రాగానే ఇది ఎప్పటిది, ఎవరి కోసం రాశారు, ఈ చోట ఇలాగే ఎందుకు రాశారు అని వెతకడం మొదలుపెడతాను. 'మ్యూజిక్ హిస్టరీ అండ్ లిటరేచర్' అనే మేజర్ బ్యాచిలర్స్‌లోనే ఉంటుందని తెలిసినప్పటి నుంచి మనసంతా దానిమీదే ఉంది.

ఇంట్లో నాన్న ఒప్పుకోవడం లేదు. "చరిత్ర పుస్తకాలు ఎవరైనా చదువుకోవచ్చు, దానికి నాలుగేళ్లు ఎందుకు?" అంటున్నారు. అమ్మేమో లిటరేచర్ అంటే పాటల్లో సాహిత్యం అనుకుని, కవిత్వం చదువుతావా అని అడిగింది. మా పియానో టీచర్ మాట ఇంకోటి: "ముందు వాయిద్యంలో డిగ్రీ చెయ్యి, చరిత్ర పీజీలో చదువు." నన్ను ఎక్కువ టెన్షన్ పెడుతున్నది టీచర్ మాటే, ఎందుకంటే అందులో నిజం ఉందేమో అనిపిస్తోంది. ఈ దారిలో నడిచినవాళ్లు, కాదని వదిలేసినవాళ్లు, ఇద్దరూ చెప్పండి.

వయొలిన్_వారధి:
మీ టీచర్ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. పద్దెనిమిది నుంచి ఇరవైరెండు దాకా వేళ్లు ఎంత సాధిస్తే అంత. ఆ వయసు దాటాక రోజుకు ఐదు గంటల సాధనకు టైమ్ ఎవరికీ దొరకదు. చరిత్ర ఎక్కడికీ పోదు, ముప్ఫైల్లో కూడా చదవచ్చు. పైగా వాయిద్యంలో డిగ్రీ చేసేవాళ్లకు చరిత్ర కోర్సులు ఎలాగూ తప్పనిసరి. దాంతో పీజీలో చరిత్రకు మారిన స్నేహితులు నాకున్నారు. చరిత్రలో డిగ్రీ చేసి తర్వాత వాయిద్యానికి మారినవాళ్లు మాత్రం నాకు ఒక్కరూ తెలియదు. ఒకవైపు వెళ్తే తలుపు తెరిచి ఉంటుంది, ఇంకోవైపు వెళ్తే మూసుకుపోతుంది. ఆలోచించుకోండి.

ఇంకో మాట. వాయించని మనిషి సంగీతం గురించి రాసింది చదివితే నాకు మొదటి పేరాలోనే తెలిసిపోతుంది. బొటనవేలు ఎక్కడ పడుతుందో తెలియకుండా ఆ స్వరవాక్యం గురించి ఏం రాస్తారు?

పాతప్రతులు:
నేను చదివింది ఈ డిగ్రీయే, ఇప్పుడు సంగీత గ్రంథాలయంలో పనిచేస్తున్నాను. కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఏమీ అనుకోకండి.

ముందు అమ్మగారి ప్రశ్న. మన వాడుకలో సాహిత్యం అంటే కీర్తనలోని మాటలు. ఈ డిగ్రీ పేరులో లిటరేచర్ అంటే సంగీత రచనలే. ఫలానా కాలంలో, ఫలానా ప్రక్రియలో పుట్టిన సింఫనీలు, సొనాటాలు, ఒపెరాలు, వీటిని స్కోరు (రచనంతా స్వరలిపిలో ఉన్న ప్రతి) ముందుపెట్టుకుని వినడం. కథలు, నవలలు చదివి భాషా సాహిత్యం తెలుసుకున్నట్టు, రచనలు విని సంగీత సాహిత్యం తెలుసుకుంటాం.

ఇక నాన్నగారి ప్రశ్న. చరిత్ర అంటే పుస్తకంలో రాసి ఉన్నది చదవడమే అయితే ఆయన మాటే కరెక్టు. కానీ ఆ పుస్తకంలో ఉన్నది నిజమని ఎవరు తేల్చారు? 'అల్బినోని అడాజియో' అని ఎన్నో ఆల్బమ్‌లలో వినిపించే రచన ఉంది కదా. స్వరకర్త అల్బినోని 1751లో చనిపోయాడు. ఆ రచన అచ్చయింది 1958లో, రెమో జియాజొట్టో అనే ఇటలీ సంగీత చరిత్రకారుడి చేతుల మీదుగా. అది జియాజొట్టో సొంత రచనే అని ఇవాళ పండితులు భావిస్తారు. అయినా కవర్ల మీద ఇప్పటికీ అల్బినోని పేరే ఉంటుంది. వింటే బాగుంటుంది, అందులో తప్పేం లేదు. కానీ దాన్ని విని బరోక్ సంగీతం, అంటే అల్బినోని కాలపు యూరప్ సంగీతం, ఇలా ఉంటుంది అనుకుంటే పొరపాటు పడ్డట్టే. ఆ తేడా పట్టుకునే చెవి ఇంట్లో పుస్తకం చదివితే రాదండీ.

మీరు పియానో అన్నారు కాబట్టి నా రెండో ఏడాది అసైన్‌మెంట్ ఒకటి చెప్తాను. స్వరకర్త షోపాన్ ఓపస్ 9లో రెండో నొక్టర్న్ (రాత్రి వాతావరణాన్ని తలపించే చిన్న పియానో రచన), ఈ ఫ్లాట్ మేజర్‌లో ఉన్నది, మీరు వాయించే ఉంటారు. ఆ రోజుల్లో దేశాల మధ్య కాపీరైట్ లేదు. అందుకే షోపాన్ తన రచనల్ని పారిస్‌లో, జర్మనీలో, లండన్‌లో వేరువేరు ప్రచురణకర్తలకు ఇచ్చేవాడు. మూడు అచ్చులూ అన్నిచోట్లా ఒకలా ఉండవు. ఒకచోట స్లర్ (స్వరాలను కలిపి వాయించమనే వంపు గీత) ముందే ఆగుతుంది, ఇంకోచోట గమకంలాంటి చిన్న అలంకారం మారుతుంది. దీనికితోడు ఆయన శిష్యుల కాపీల మీద పెన్సిల్‌తో తానే కొత్త అలంకారాలు రాసేవాడు. ఈ నొక్టర్న్‌కి అలాంటివి చాలానే దొరికాయి. మా ప్రొఫెసర్ ఆ పేజీల నకళ్లు మా ముందు పెట్టి, "ఇందులో షోపాన్ రాసింది ఏది?" అని అడిగారు. మూడు వారాలు కొట్టుకున్నాం. అన్నీ ఆయనవే అయినప్పుడు 'అసలు' అనే మాటకు అర్థం ఏమిటో మళ్లీ మొదటి నుంచి ఆలోచించాల్సి వచ్చింది. ఆ తర్వాత ఏ పుస్తకంలో 'ఒరిజినల్ వెర్షన్' అని చదివినా, ఎక్కడి ప్రతి, ఎవరి చేతివ్రాత అని అడక్కుండా ఉండలేకపోతున్నాను.

వారధి గారూ, వాయించనివాళ్ల రాతలో లోటు ఉంటుందన్నారు, ఒప్పుకుంటాను. కానీ ఈ డిగ్రీలో వాయించడం మానేస్తారని ఎవరన్నారు? మొదటి రెండేళ్లు అందరితో పాటే మాకూ థియరీ, ఇయర్ ట్రెయినింగ్, స్కోరు చూసి అప్పటికప్పుడు పాడడం, కీబోర్డ్, బృందంలో వాయించడం అన్నీ ఉన్నాయి.

అతనితోఅంతే:
మా అబ్బాయి ఇలాంటి డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నాడు. వాడు సంతోషంగా ఉన్నాడు, నేను రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. సూటిగా అడుగుతాను. ఇది చదివాక ఏ ఉద్యోగం వస్తుంది? ప్రేమ, చెవి, ఆలోచన, ఇవన్నీ నాకూ అర్థమవుతాయి. ఆ తర్వాత అద్దె కట్టేది ఎవరు?

పాతప్రతులు:
మీ బాధ అర్థమైంది అన్నా. ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

ఈ డిగ్రీ పేరుతో నేరుగా దొరికే ఉద్యోగం లేదు. విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పాలంటే పీహెచ్‌డీ కావాలి, అది అయ్యాక కూడా పోస్టులు తక్కువ. బడిలో సంగీతం చెప్పాలంటే చాలాచోట్ల ఉపాధ్యాయ శిక్షణ, లైసెన్సు విడిగా ఉండాలి. నా ఉద్యోగానికి లైబ్రరీ సైన్సులో ఇంకో పీజీ చేశాను. దీనితో అక్కరకొచ్చే పనులు మాత్రం ఉన్నాయి. ఆర్కైవ్‌లు, స్కోర్ల ప్రచురణ సంస్థలు, రేడియో, కచేరీ నిర్వహణ, కచేరీల్లో పంచే పరిచయ వ్యాసాలు, రికార్డింగుల హక్కుల వ్యవహారం. వీటిలో చాలావరకు చదువుకుంటూ ఉండగానే పార్ట్‌టైమ్‌గా అడుగుపెట్టినవాళ్లకే దొరుకుతాయి. బాబుని ఇప్పుడే కాలేజీ గ్రంథాలయంలో గంటల లెక్కన పని అడగమనండి. నేను లోపలికి వచ్చింది ఆ దారినే.

నా పనిలో డిగ్రీ ఎక్కడ ఉపయోగపడుతుందంటే, ఒకే రచన జర్మన్‌లో ఒక పేరుతో, ఇంగ్లిష్‌లో ఇంకో పేరుతో, ముద్దుపేరుతో మరోలా వస్తుంది. మోజార్ట్ రచనల పట్టికలో 1862లో కోఖెల్ వేసిన నంబర్లు, బాఖ్ రచనల పట్టికలో 1950లో ష్మీడర్ వేసిన నంబర్లు లేకపోతే మేం ఒక్క అర కూడా సర్దలేం. ఈ పని కంప్యూటర్‌కి అప్పగిస్తే సరిపోదా అని అడుగుతారు. పేరే తప్పుగా ఉన్న ప్రతిని చూసి, స్కోరు తెరిచి, ఇది అది కాదు అని చెప్పాల్సింది చివరికి మనిషే.

రెండుదారులు:
'పీజీలో చూసుకోవచ్చు' అనే సలహా పాటించినవాణ్ణి నేనే, కాబట్టి నా అనుభవం చెప్తాను. డిగ్రీలో కంప్యూటర్ సైన్స్, పీజీలో మ్యూజికాలజీ, అంటే సంగీతం మీద శాస్త్రీయ పరిశోధన. చేరిన మొదటి వారంలోనే థియరీ, చరిత్రలో పరీక్ష పెట్టారు. రెండింట్లోనూ వెనకబడ్డాను. డిగ్రీ పిల్లల క్లాసుల్లో కూర్చోబెట్టారు, వాటికి క్రెడిట్లు లేవు. జర్మన్ ఒక్క ఏడాదిలో చదివి అర్థం చేసుకునే స్థాయికి తెచ్చుకోవాల్సి వచ్చింది. అన్నిటికంటే కష్టమైంది చెవి. నాలుగు స్వరపంక్తులు ఒకేసారి నడుస్తుంటే మూడోది ఎటు పోయిందో పట్టుకోవడం, పద్దెనిమిదేళ్ల పిల్లలు నెలల్లో నేర్చుకున్నది నాకు రెండేళ్లు పట్టింది.

వారధి గారి వాదనలో ఒక తిరకాసు ఉంది. వేళ్లకు వయసు ఉంటుంది, చరిత్రకు ఉండదు అన్నారు. చరిత్రకు కావలసిన చెవికీ, భాషలకూ వయసు ఉంటుందండీ. అయితే వాయిద్యంలో డిగ్రీ చేసి వచ్చిన మా క్లాస్‌మేట్లు నాలా ఇబ్బంది పడలేదు, థియరీ వాళ్లకు ముందే వచ్చు. కాబట్టి మధ్యమశ్రుతి గారి టీచర్ సలహా నా దారికంటే మేలైనదే. కాకపోతే వాళ్లలో చాలామందికి ఇరవై పేజీల వ్యాసం రాయడం అదే మొదటిసారి.

ఏకతాళం:
నాకున్న అభ్యంతరం ఎవరూ ఎత్తలేదు. సంగీత చరిత్ర అంటారు, సిలబస్ తీస్తే మధ్యయుగపు చర్చి గానంతో మొదలై బాఖ్, బేథోవెన్, వాగ్నర్ మీదుగా స్ట్రావిన్‌స్కీ దగ్గర ఆగుతుంది. అది ఒక ఖండం చరిత్ర. మిగతా ప్రపంచానికి ఒక కోర్సు, అదీ ఐచ్ఛికం. 1885లో గైడో ఆడ్లర్ అనే పండితుడు మ్యూజికాలజీకి గీసిన పటంలోనే చారిత్రక విభాగం ఒకవైపు, ఇతర జాతుల సంగీతాన్ని పోల్చి చూసే విభాగం ఇంకోవైపు. ఆ గోడ ఇంకా పూర్తిగా కూలలేదు.

ఇందులో నాకు మింగుడుపడనిది స్వరలిపి మీద ఉన్న మోజు. రాసిపెట్టినదే చరిత్ర అయితే మన అన్నమయ్య సంగతి ఏమిటి? రాగిరేకుల మీద పదాలున్నాయి, రాగాల పేర్లున్నాయి, స్వరాలు లేవు. ఇవాళ మనం పాడుకునే వరుసల్లో చాలావరకు 20వ శతాబ్దంలో కట్టినవి. సాహిత్యం 15వ శతాబ్దానిది, వరుస మన తాతల కాలానిది. ఆ రెండూ కలిసిన పాట ఏ కాలపుది? షోపాన్ పెన్సిల్ గీతల గురించి మూడు వారాలు చర్చించే డిగ్రీలో ఈ ప్రశ్నకు చోటు ఉండాలి కదా!

పాతప్రతులు:
ఉండాలి. చాలాచోట్ల లేదు. ఈ విషయంలో మీతో వాదించను.

ఒక్కటి మాత్రం కలుపుతాను. అన్నమయ్య పాట ఏ కాలపుది అని మీరు అడిగిన పద్ధతి ఉంది చూశారా, ఆధారం ఏది, ఏ పొర ఎప్పటిది అని విడదీయడం, మాకు నేర్పేది అదే. యూరప్ చరిత్ర కూడా పూర్తయిపోయిన కథ కాదు. బాఖ్ చనిపోయింది 1750లో. క్రీస్తు శిలువ కథ మీద ఆయన రాసిన బృందగాన రచన సెయింట్ మాథ్యూ ప్యాషన్‌ని 1829లో బెర్లిన్‌లో ఇరవయ్యేళ్ల స్వరకర్త మెండెల్సన్ మళ్లీ వేదిక మీదకు తెచ్చేదాకా జనం దాన్ని మరిచిపోయారు. అమెరికాలో ఫ్లోరెన్స్ ప్రైస్ అనే నల్లజాతి స్వరకర్త సింఫనీని 1933లో షికాగో సింఫనీ ఆర్కెస్ట్రా వాయించింది. ఆ తర్వాత ఆమెను దాదాపు వదిలేశారు. 2009లో ఇలినాయ్‌లో పాడుబడ్డ ఇంట్లో ఆమె రాతప్రతులు గుట్టగా దొరికాయి. అవి ఏమిటో గుర్తుపట్టి భద్రపరిచేవాళ్లు లేకపోతే చెత్తబండిలో పోయేవి. ఆ సంగతి చదివిన రోజు నేను పనిలో కూర్చుని చాలాసేపు ఏమీ చేయలేకపోయాను.

వయొలిన్_వారధి:
షోపాన్ సంగతి నిన్నటి నుంచి నన్ను వదలడం లేదు. నేను పదిహేనేళ్లుగా వాయిస్తున్న ఒక సొనాటాకి నా దగ్గరున్నది ఎవరి ఎడిషన్ అని తీసి చూశాను. విల్లు గుర్తులు సగం ఎడిటర్‌వి. అవి స్వరకర్తవే అనుకుని నా శిష్యులకు నేర్పాను. ఇది నా డిగ్రీలో ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది.

అయినా నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. మధ్యమశ్రుతీ, ఏ కాలేజీ చూసినా ఒక్కటి అడుగమ్మా: చరిత్ర విద్యార్థికి వారం వారం పియానో పాఠం ఉంటుందా, ఎన్ని సెమిస్టర్లు? ఉండదంటే అక్కడ చేరకు.

పాతప్రతులు:
దీనికి నేనూ ఓటేస్తాను. డిగ్రీ రకం కూడా చూసుకోండి. అమెరికా పద్ధతిలో బ్యాచిలర్ ఆఫ్ మ్యూజిక్ అయితే కోర్సుల్లో దాదాపు మూడింట రెండు వంతులు సంగీతమే. బ్యాచిలర్ ఆఫ్ ఆర్ట్స్ అయితే సుమారు మూడో వంతు, మిగతాది భాషలు, చరిత్ర, మరేదైనా. వాయించాలని ఉంటే మొదటిది. ఇంకో సబ్జెక్టు కూడా గట్టిగా పట్టుకోవాలంటే రెండోది. పైన భయపడుతున్న అన్నకు కూడా రెండోదే కొంత ధైర్యం ఇస్తుంది.

మధ్యమశ్రుతి:
అందరికీ చాలా థాంక్స్. రెండు మూడు కాలేజీల కోర్సు పట్టికలు తీసి కూర్చున్నాను. ఒకచోట ఎనిమిది సెమిస్టర్లూ పియానో పాఠం ఉంది, యూరప్ కాని సంగీతం మీద రెండు కోర్సులు తప్పనిసరి. ఇంకోచోట పియానో నాలుగు సెమిస్టర్లకే ఆగిపోతోంది, దాన్ని తీసేశాను. నొక్టర్న్ రెండు ఎడిషన్లు పక్కపక్కన పెట్టి నాన్నకి చూపించాను. ఆయనకు స్వరలిపి రాదు. అయినా వేలు పెట్టి మరీ తేడాలు వెతికారు, నాకు కనిపించనిది ఒకటి ఆయనే పట్టుకున్నారు. ఒప్పుకున్నారని చెప్పను గానీ, ఫీజు ఎంత అని మొదటిసారి అడిగారు.

పాతప్రతులు గారూ, ఈ ఏడాది ఖాళీలో ఏం మొదలుపెట్టమంటారు?

పాతప్రతులు:
జర్మన్ ఇవాళే మొదలుపెట్టండి, రోజుకు అరగంట. నాన్నగారు పట్టుకున్న ఆ తేడా ఏ బార్‌లో (నిలువు గీతల మధ్య ఉండే స్వరలిపి గడిలో) ఉందో తేదీ వేసి రాసిపెట్టుకోండి. మూడో ఎడిషన్ దొరికినప్పుడు మొదట అక్కడే చూడండి.