నెల్లూరు ఎండలకు ఏ రంగులు, వానలకు ఏ చెప్పులు?

ప్రశ్న (నెల్లూరు): నాకు ముదురు నీలం, నలుపు దుస్తులంటే ఎంతో ఇష్టం, అయితే మే నెల ఎండలో అవి ఒంటికి మంట పుట్టిస్తున్నాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య రుతుపవనాల వానలకు తోలు చెప్పులు నాని కుట్లు ఊడిపోతున్నాయి. మీరు ఏవి వాడుతున్నారు?

జవాబు (ఒంగోలు): నల్లని బట్ట ఎండను ఎక్కువగా పీల్చుకుని వేడెక్కుతుంది కనుక, వేసవి పగళ్లకు నేను గంధం రంగు, లేత పసుపు నూలు చీరలనే ఎంచుకుంటాను, వెంకటగిరి నూలు చీర అంచున సన్నని జరీ ఉన్నా బరువనిపించదు. ఇష్టమైన నీలాన్ని మాత్రం వదులుకోకండి, సాయంత్రాలకు ఉంచుకోండి.

జవాబు (కావలి): వానలకు వెనుక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులే మేలండీ. పట్టీ లేనివి నడుస్తున్నప్పుడు బురదను పిక్కల మీదకు, పంచె అంచు మీదకు చిమ్ముతాయి. అడుగున గాట్లు లోతుగా ఉన్నవి చూసి కొనండి.

జవాబు (కందుకూరు): తడిసిన తోలు చెప్పులను ఎండలో పెడితే బిర్రబిగిసి పగులుతాయి, నీడలోనే ఆరబెట్టండి.