జ్ఞానమొక్కటి? ఒక్కటె? ఇందులో ‘ఒక్కటి’ విశేషణమా, సర్వనామమా?

నాగావళి: పదో తరగతి పిల్లలకి ఇంగ్లీషు ట్యూషన్‌లో అడ్జెక్టివ్, ఇండెఫినిట్ ప్రొనౌన్ తేడా చెబుతూ గురజాడ ముత్యాలసరాలు ఎత్తుకున్నాను. ‘మతములన్నియు మాసిపోవును, జ్ఞానమొక్కటి...’ దగ్గర ఆగిపోయాను. ఒక్కటా, ఒక్కటేనా? పిల్లలేమో అది ప్రొనౌనా అని అడుగుతున్నారు.

మూడు లాంతర్లు: ‘ఒక్కటే’ కుదరదండీ. మూడు, నాలుగు మాత్రల గణాల నడక అది, మాత్రంటే హ్రస్వాక్షరం పలికేంత సేపు. జ్ఞాన, మొక్కటె, నిలిచి, వెలుగును. దీర్ఘం పెడితే రెండో గణం కుంటుతుంది.

వంశధార: మాత్రలే సాక్ష్యమైతే ‘ఒక్కటి’ కూడా సరిపోతుంది. టి అయినా టె అయినా ఒక మాత్రే. మా నాన్నగారు టి అనే చదివేవారు.

మూడు లాంతర్లు: టె లో ‘అది మాత్రమే’ అన్న పట్టుంది. టి అంటే లెక్కపెట్టినట్టు ఉంటుంది.

వంశధార: ‘నువ్వొక్కడివి వస్తే చాలు’ అంటాం. అందులో ఏ లేదు, పట్టు తగ్గిందా?

కోట బురుజు: అసలు ప్రశ్న గాలికి పోయింది. ఇంగ్లీషులో వెంట నామం ఉందా లేదా అన్నదే ముఖ్యం. ‘ఆల్ రిలిజియన్స్’లో ఆల్ అడ్జెక్టివ్, ఒంటరిగా వస్తే ప్రొనౌన్. ‘ఎవ్రీ’ ఒంటరిగా నిలబడదు, ‘నన్’ నామాన్ని వెంట రానివ్వదు. ఆర్టికల్‌కి నామం లేనిదే బతుకే లేదు, పాత గ్రామర్లు దాన్నీ అడ్జెక్టివ్‌ల్లోనే కలిపేశాయి. ఇప్పటివాళ్లు డిటర్మినర్, అంటే నామం ఏదో ఎంతో తేల్చే మాట, అంటున్నారు. ‘ఎ’, ‘ఏన్’ పుట్టింది ‘వన్’ పాత రూపం నుంచే. మనకి ఆ గొడవ లేదు: ఒక మనిషి, ఒకడు. రూపమే చెప్పేస్తుంది.

వంశధార: అంత సులువైతే పై చరణం చూడండి. ‘ఎల్ల లోకము ఒక్క యిల్లై’లో ఎల్ల ముందుంది. మరుసటి పాదంలోనే ‘వర్ణభేదములెల్ల’, అక్కడ వెనక్కి పోయింది. రూపం మారలేదు. ముందుంటే విశేషణం, వెనకుంటే సర్వనామమా?

మూడు లాంతర్లు: అవును. ‘అన్ని మతాలు’ వేరు, ‘మతాలన్నీ’ వేరు. రెండోది నామాన్ని మళ్లీ తలుచుకునే సర్వనామం. విజయనగరం మహారాజా కాలేజీలో ఇంగ్లీషు గ్రామర్ చెప్పిన గురజాడ ఇవి తెలియక రాశాడా? ‘ఒక్క యిల్లై’ చూడండి. ‘ఒక యిల్లు’ అంటే ఏదో ఒక ఇల్లు, ఆర్టికల్ వాసన కొడుతుంది. ఒత్తు పెట్టేసరికి అందరిదీ అయిపోయింది!

కోట బురుజు: ‘ఒక’ రెండు మాత్రలే మాస్టారూ. ఆ ఒత్తు ఛందస్సు అడిగింది.

మూడు లాంతర్లు: ఛందస్సు అడిగినదీ అర్థానికి కావలసినదీ ఒకటే కావడం గురజాడకే చెల్లింది.

రావివలస: మా టెక్కలి వైపు ‘ఎవులో మనిషొచ్చాడు’ అంటాం. ఎవులో అంటే ఎవరో, సర్వనామమే, పక్కనే మనిషి. ఇంగ్లీషులో ‘సమ్‌బడీ’ పక్కన ‘మేన్’ పెట్టండి చూద్దాం. బురుజుగారి కొలబద్ద ఇక్కడేటి చేస్తాది?

కోట బురుజు: ‘మా మాస్టారు శాస్త్రిగారు’ లాంటిదే అదీ. రెండూ ఒకే మనిషి గురించి.

రావివలస: ‘ఏదో పుస్తకం’ సంగతేటి మరి? అదీ శాస్త్రిగారేనా? సవర గిరిజనుల భాషకి వ్యాకరణం రాసిన గిడుగువారి జిల్లాలో మన ‘ఎవులో’కి ఒక పేరాగ్రాఫైనా దొరకదా!

నాగావళి: రేపు టెస్టు ఉందండీ. ‘ఒక్కటె’ని ఏమని రాయించమంటారు?

మూడు లాంతర్లు: సర్వనామం.

వంశధార: విశేషణం. ముందు టి అని దిద్దించండి.