మూలకు తలరాయి: ఆ ‘తల’ ఎక్కడుంది?
(ఒక చర్చ; ప్రతి వ్యాఖ్యకు పైనున్నది రాసినవారి మారుపేరు.)

అనువాదం పనిలో
ఒక వాక్యం సగమే గుర్తొస్తోంది. ‘ఇల్లు కట్టువారు ... రాయి మూలకు ... ఆయెను.’ మొదటి ఖాళీలో ‘విడిచిన’ అనా, ‘నిషేధించిన’ అనా? రెండోదాంట్లో నా నోటికి ‘మూలరాయి’ అని వస్తోంది. కానీ అప్పుడు ‘మూలకు మూలరాయి’ అవుతుంది, అలా ఉండదు కదా.

ఫ్రీమేసన్రీలో (రాతిపనివారి పనిముట్లను, కథలను గుర్తులుగా వాడుకునే సోదర సంఘం) మొదటి మూడు డిగ్రీలు (అప్రెంటిస్, ఫెలోక్రాఫ్ట్, మాస్టర్ మేసన్) పూర్తయినవాళ్లు తర్వాత ఏ ఆర్డరులో చేరాలో చెప్పే చిన్న కరపత్రాన్ని తెలుగు చేస్తున్నాను. అలాంటివాటిలో ఒకటైన మార్క్ డిగ్రీ పేజీలో ఈ వాక్యం ఉంది. దాని పక్క బొమ్మలో కమాను, దాని నడినెత్తిన ఒక రాయి. ఇంటి మూలన ఉండే రాయి కమాను నెత్తికి ఎలా ఎక్కింది?

పాత నిఘంటువు
‘నిషేధించిన’. కీర్తనలు 118:22, మత్తయి 21:42 రెండుచోట్లా ‘ఇల్లు కట్టువారు నిషేధించిన రాయి మూలకు తలరాయి ఆయెను’. మీ నోటికొస్తున్న ‘మూలరాయి’ ఎఫెసీ పత్రిక 2:20లోది. పేతురు మొదటి పత్రిక రెండో అధ్యాయంలో 6వ వచనంలో మూలరాయి, 7వ వచనంలో తలరాయి. అంటే అనువదించినవాళ్లు ఈ రెంటినీ ఒకటిగా చూడలేదు.

అసలు చిక్కు ‘మూల’ దగ్గరుంది. ఇది సంస్కృత ‘మూలము’ అయితే పునాది రాయి. మూలవిరాట్టు, మూలధనం, మూలస్తంభం అన్నీ ఆ దారివే. తెలుగు ‘మూల’ అయితే రెండు గోడలు కలిసేచోటు. బ్రౌన్ నిఘంటువులో ఇవి రెండు వేరు మాటలు. నా ఓటు సంస్కృతానికి: మూలరాయి అంటే ఆధారశిల.

అరవంతెలుగు
ఆధారశిల కాదండీ. తమిళ బైబిల్లో ఇదే వాక్యం ‘మూలైక్కుత్ తలైక్కల్’ అని ఉంది. తమిళంలో ‘మూలై’ అంటే మూల, ‘మూలం’ అంటే వేరు. అక్కడ ఐకారం రెంటినీ విడదీస్తుంది, మనకు ఆ వెసులుబాటు లేదు. హీబ్రూలో ‘రోష్ పిన్నా’: రోష్ తల, పిన్నా మూల. ‘మూలకు తలరాయి’ ఆ రెండు ముక్కలకూ సరిగ్గా సరిపోతుంది. కాబట్టి వాదించాల్సింది ‘మూల’ గురించి కాదు, ‘తల’ గురించి.

తాపీ, ఉలి
మూలంటే ఏ మూలో పనిముట్టే చెబుతుంది. మేస్త్రీ చేతిలో తొంభై డిగ్రీలు చూసేది మూలమట్టం, అడ్డం సరిచూసేది రసమట్టం. మూలమట్టంలోని మూల వేరు కాదు, కోణమే. ఇంటి పనిలో ముందు నాలుగు మూలలూ నిలబెట్టి, వాటి మధ్య నూలుదారం లాగి, ఆ దారాన్ని బట్టి వరసలు పేరుస్తారు. మూలన పెట్టిన రాయి కాస్త తిరిగితే అటు గోడా ఇటు గోడా రెండూ ఆ తేడాను చివరిదాకా మోస్తాయి, ఎంత పైకి పోతే అంత బయటపడుతుంది. మూలరాయి గొప్పతనం అదే, బరువు మోయడం కాదు.

కమాను రాయి పని వేరు. కింద చెక్క సెంట్రింగు పెట్టి రెండు వైపుల నుంచీ రాళ్లు పేర్చుకుంటూ వచ్చి, చివర నడిమి ఖాళీలో ఆప్పు ఆకారపు రాయి దించుతారు. అది కూర్చునేదాకా సెంట్రింగు తీయకూడదు, తీస్తే మొత్తం కిందికి వస్తుంది. ఆ రాయి పైన వెడల్పు, కింద సన్నం, పక్కలు ఏటవాలు. మూలమట్టం ఆనిస్తే ఏ పక్కా ఒప్పదు. మార్క్ డిగ్రీ కథంతా ఈ ఒక్క సంగతి మీద నిలబడి ఉంది: చతురస్రమూ కాదు, దీర్ఘచతురస్రమూ కాదు అని తనిఖీదార్లు ఆ రాయిని చెత్తలోకి తోయిస్తారు. తర్వాత ఆ రాయి లేక కమాను దగ్గర పని ఆగుతుంది. బొమ్మలో తప్పు లేదు. కీర్తనలోది మూల, డిగ్రీలోది కమాను. ‘తల’ అనే మాటే రెంటినీ కలిపింది.

తలవాకిలి
‘తల’ అంటే పైన అని అందరూ ఎందుకు తీర్మానించేస్తున్నారు? తలవాకిలి ఇంటి పైకప్పు మీద ఉండదు, ముందుంటుంది. పని తలపెట్టడమంటే మొదలుపెట్టడం. తలకోన కోన మొదలు. తెలుగులో ‘తల’కు మొదలు, ముందు అనే అర్థం బలంగా ఉంది. తలరాయి అంటే అన్నిటికంటే ముందు పెట్టే రాయి. శంకుస్థాపన ఈశాన్య మూలన చేస్తాం. మేసన్ల లాడ్జిలో (వాళ్ల స్థానిక శాఖను అలా అంటారు) కొత్తగా చేరినవాణ్ణి నిలబెట్టేదీ ఈశాన్య మూలనే, భవనానికి తొలిరాయి అక్కడ వేస్తారు గనక. ఆ లెక్కన ఈ వాక్యం మార్క్ కంటే మొదటి డిగ్రీకే దగ్గర.

పాత నిఘంటువు
తలమానికం, తలపాగా, అక్షరానికి తలకట్టు? మూడూ పైనే ఉన్నాయి కదండీ.

తలవాకిలి
తలకట్టు పైనే ఉన్నా తలవాకిలి ముందే ఉంది కదా.

లంగరు
వాక్యం తేలేలోపు కరపత్రం అచ్చుకు పోతుందేమో. చేరేవాడికి అసలు అవసరమైనది వరుస, అది తప్పితే డబ్బూ కాలమూ పోతాయి.

ఇంగ్లండు గ్రాండ్ లాడ్జి పద్ధతిలో రాయల్ ఆర్చ్ అనే ఆర్డరుకు మాస్టర్ మేసన్ అయి నాలుగు వారాలు నిండితే చాలు, మార్క్ అక్కర్లేదు. స్కాట్లండు పద్ధతిలో మార్క్ లేకుండా రాయల్ ఆర్చ్ లేదు. అక్కడ మార్క్‌ను సొంత లాడ్జిలోనే తీసుకోవచ్చు, లేదంటే చాప్టరులో (రాయల్ ఆర్చ్ శాఖలో). తర్వాత ఎక్సలెంట్ మాస్టర్, ఆపైన రాయల్ ఆర్చ్. భారతదేశంలో 1961లో ఏర్పడిన గ్రాండ్ లాడ్జి ఆఫ్ ఇండియాతో పాటు ఇంగ్లండు, స్కాట్లండు అధికారం కిందా లాడ్జిలు ఉన్నాయి గనక, ముందు తన లాడ్జి ఎవరి కిందిదో చూసుకోవాలి. మార్క్ తీసుకోకుండా ఇంగ్లండు దారిన రాయల్ ఆర్చ్‌కు వెళ్లినవాడు స్కాట్లండు చాప్టరుకు అతిథిగా పోతే మార్క్ పని జరిగినంతసేపూ బయట కూర్చోవాలి.

మార్క్ ముందు తీసుకోమని నేను చెప్పడానికి కారణం ఇదొక్కటే కాదు. రాయల్ ఆర్క్ మారినర్‌కు మార్క్ కావాలి. ఇంగ్లండులో ఆ లాడ్జి ఏదో ఒక మార్క్ లాడ్జికి లంగరు వేసుకునే ఉంటుంది, వాళ్ల మాట కూడా అదే. రాయల్ అండ్ సెలెక్ట్ మాస్టర్స్‌కూ, అలైడ్ డిగ్రీలకూ మార్క్, రాయల్ ఆర్చ్ రెండూ కావాలి. సీక్రెట్ మానిటర్‌కు మాస్టర్ మేసన్ అయితే చాలు. అది దావీదు, యోనాతానుల స్నేహం మీద కట్టినది. నైట్స్ టెంప్లర్‌కూ, రోజ్ క్రాయ్‌కూ ఇంగ్లండు పద్ధతిలో త్రిత్వాన్ని నమ్మే క్రైస్తవుడై ఉండాలి. కరపత్రంలో ఈ షరతును ఆ పేర్ల పక్కనే పెద్ద అక్షరాల్లో వేయండి. ఫారం నింపాక తెలిస్తే అడిగినవాడికీ, ప్రతిపాదించినవాడికీ ఇబ్బంది.

ఇంకో చిన్న సంగతి. ఇంగ్లండు పద్ధతిలో రాయల్ ఆర్చ్ పతకం మామూలు లాడ్జిలో పెట్టుకోవచ్చు, మార్క్ పతకం పెట్టుకోకూడదు.

అనువాదం పనిలో
చాలా ఉపయోగం. కానీ ‘ఆర్చ్’, ‘ఆర్క్’ రెండూ తెలుగులో వరసగా వచ్చేసరికి చదివినవాళ్లు అచ్చుతప్పనుకుంటున్నారు. ఒకటి ‘రాజకమాను’ అని మారుద్దామా?

అరవంతెలుగు
అర్థానికి తప్పులేదు. ఆర్చ్ లాటిన్‌లో విల్లు, కమాను ఫారసీలో విల్లు. ఇక ఆర్క్‌ను తెలుగు బైబిలు రెండు మాటలుగా చీల్చింది: నోవహుది ఓడ, నిబంధనది మందసం. ఇంగ్లీషువాళ్లకు లేని సౌకర్యం ఇది. మారినర్ డిగ్రీ నోవహుది, కనుక ‘ఓడ’ అనండి. పొరపాటున ‘మందసం’ అన్నారంటే కథే మారిపోతుంది.

డల్లాస్ నుంచి
అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఆ వరుస పనికిరాదు. ఇక్కడ యార్క్ రైట్ చాప్టరులో మార్క్ మాస్టర్, పాస్ట్ మాస్టర్, మోస్ట్ ఎక్సలెంట్ మాస్టర్, రాయల్ ఆర్చ్ నాలుగూ ఒకే సంస్థ ఇస్తుంది, మార్క్ కోసం వేరే లాడ్జి వెతకనక్కర్లేదు. తర్వాత కౌన్సిలు (రాయల్ అండ్ సెలెక్ట్ మాస్టర్స్), ఆపైన కమాండరీ (నైట్స్ టెంప్లర్). క్రైస్తవ షరతు కమాండరీ దగ్గరే వస్తుంది. స్కాటిష్ రైట్ అనే మరో వరుసలో 4 నుంచి 32వ డిగ్రీ దాకా ఏ మతంవాళ్లకైనా దారి ఉంది. ఇంగ్లండులో అదే 18వ డిగ్రీకి (రోజ్ క్రాయ్) క్రైస్తవుడే కావాలి. ఒకే పేరు, రెండు దేశాల్లో రెండు నియమాలు.

‘డిగ్రీ’కి ‘మెట్టు’ అని కూడా రాయకండి. మాస్టర్ మేసన్ కంటే పై మెట్టు లేదన్నది మూలసూత్రం. 32 అంటే 3 కంటే పెద్దదని చాలామంది పొరబడతారు.

పాత నిఘంటువు
‘మూలసూత్రం’ అన్నారు చూశారా, ఆ ‘మూల’ సంస్కృతమే.

మెట్టు సంగతి మాత్రం నిజం. ఇంగ్లండులో రెండు గ్రాండ్ లాడ్జిలు ఒకటైన 1813 ఒప్పందంలో మూడు డిగ్రీలే, అంతకు మించి లేవు అని చెప్పి, వాటిలోనే రాయల్ ఆర్చ్ చేరి ఉందన్నారు. మిగతావాటిని ‘శాఖలు’ అనవచ్చు. అందులో మార్క్ మాటేమీ లేదు. 1856 మార్చిలో ఇంగ్లండు గ్రాండ్ లాడ్జి మార్క్‌ను ఒప్పుకుంది, జూన్‌లో ఆ తీర్మానాన్ని ఖరారు చేయకుండా వదిలేసింది. అప్పుడే మార్క్‌వాళ్లు సొంత గ్రాండ్ లాడ్జి పెట్టుకున్నారు. 1769లోనే పోర్ట్స్‌మత్‌లో రికార్డయిన డిగ్రీ అది. కట్టువారు నిషేధించిన రాయి కథ చెప్పే డిగ్రీని కట్టువారే నిషేధించారు.

వినుకొండ
ఈ వాక్యం చదివితే నాకు జాషువా తప్ప ఇంకెవరూ గుర్తురారు. కవిసభల్లో కులం పేరుతో పక్కన పెట్టారు. క్రైస్తవ ఇంట పుట్టి పురాణాలేమిటని అటువైపూ ఒప్పుకోలేదు. ఏ మూలమట్టానికీ ఒదగని రాయి. గబ్బిలాన్ని దూతగా ఎంచుకోవడంలోనే ఉంది ఆయన ఘనత: అందరూ అశుభమన్న ప్రాణి, గుడిలో చీకటి మూలన వేలాడుతూ దేవుడికి దగ్గరగా ఉండేది. ‘మూలన పడేశారు’ అని తెలుగువాళ్లు అనే మాట వెనుక ఎంత బాధ ఉందో ఆ కావ్యం చదివాకే తెలుస్తుంది. తెలుగు చెవికి ఈ వాక్యం హీబ్రూ కంటే ఇంకో మెట్టు ఎక్కువ పలుకుతుంది. మూలన పడేసిన రాయే మూలకు తల అయింది. ఆ శ్లేష మూలంలో లేదు, మన భాషే ఇచ్చింది.

లంగరు
వినుకొండ గారూ, ఇంకో ముడి ఉంది. రాయల్ ఆర్చ్‌లో ముగ్గురు ప్రధానులు జెరుబ్బాబెలు, హగ్గయి, యెహోషువ (ఇంగ్లీషులో జాషువా). మీ కవి పేరు ఆ మూడో పేరే.

వినుకొండ
ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అందులో ఈ ‘తలరాయి’ ఏ పద్యంలోనైనా ఉందేమో ప్రతి ఉన్నవాళ్లు చూసి చెప్పండి.

తలవాకిలి
ఎవరూ ముట్టుకోని అక్షరం ఒకటి మిగిలింది. ద్వితీయలో తలరాయి ‘తలరాతిని’ అవుతుంది. నుదుటి రాత ‘తలరాతను’ అవుతుంది. తేడా ‘తి’, ‘త’ అంతే. మార్క్ డిగ్రీలో ప్రతి సభ్యుడూ తన గుర్తు ఒకటి ఎంచుకుని రిజిస్టరులో నమోదు చేయిస్తాడు, పూర్వం రాయి చెక్కేవాడు తన రాతి మీద వేసినట్టు. రాతి మీద రాత. కరపత్రంలో ‘తలరాతిని’ అని పడితే ప్రూఫు చూసేవాళ్లు ‘తలరాతను’ అని దిద్దేస్తారు, అచ్చుకు ముందు ఆ చోటు రెండుసార్లు చూసుకోండి.

తాపీ, ఉలి
అందుకే ‘నెత్తిరాయి’ అనండి, గొడవ ఉండదు.

పాత నిఘంటువు
ఉంటుంది. జెకర్యా 4:7లో జెరుబ్బాబెలు పెట్టించే రాయిని తెలుగు బైబిలు ‘పైరాయి’ అంది. అక్కడా హీబ్రూలో తలకు సంబంధించిన మాటే ఉంది. రాయల్ ఆర్చ్ పేజీకి పైరాయి, మార్క్ పేజీకి తలరాయి ఉంచండి.

తలవాకిలి
జెకర్యాలో పైరాయి అనగలిగినవాళ్లు కీర్తనలో ‘మూలకు పైరాయి’ అని ఎందుకనలేదు? పైన అని వాళ్లు అనుకోలేదు గనకే.

అరవంతెలుగు
లేదా, తమిళంలో ‘తలైక్కల్’ ముందే ఉంది గనక. తమిళంలో ‘తలైవాసల్’ కూడా ఉందండీ, మీ తలవాకిలే. దాని సంగతి రేపు రాస్తాను.