కొంగ వాలితే తెల్ల మచ్చలా, ఎగిరితే నల్లగా వస్తోంది. సెట్టింగ్స్ ఎక్కడ తప్పుతున్నాను?

పరకాల_పొలంగట్టు:
అందరికీ నమస్తే. మాది పరకాల దగ్గర ఒక పల్లె. దసరాకు సెకండ్ హ్యాండ్‌లో నికాన్ క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా, 70-300 ఎంఎం జూమ్ లెన్స్ తీసుకున్నాను. ఇప్పుడు యాసంగి నాట్లకు ట్రాక్టర్లు కరిగెట దున్నుతుంటే వెనకాలే నత్తగుల్ల కొంగలు గుంపులుగా దిగుతున్నాయి, వారం నుంచి పొద్దున్నే అక్కడే ఉంటున్నాను. నిన్న ఒకటి నాకు నలభై అడుగుల దూరంలో బురదలోంచి నత్తను తీసి, ముక్కు కొసతో లోపలి కండ లాగి మింగి, గుల్లను అక్కడే వదిలేసింది. కళ్లతో అంత స్పష్టంగా చూశానా, ఇంటికొచ్చి ఫోటో చూస్తే ఒంటి మీద ఒక్క ఈక కూడా కనబడట్లేదు, అంతా సున్నం కొట్టినట్టు తెలుపు. అదే కొంగ ఆకాశంలోకి లేస్తే మాత్రం కాకిలా నల్లగా వస్తోంది. వెలుగు లెక్కంతా కెమెరానే చూసుకునే పి మోడ్‌లోనే తీస్తున్నాను. ఫ్లాష్ వాడే ఉద్దేశం లేదు, ఉన్న ఎండతోనే తీయాలని నా కోరిక. తెలిసినవాళ్లు ఇంకా దూరం లాగే 150-600 లెన్స్ కొనమంటున్నారు, ఇప్పుడైతే అంత డబ్బు లేదు. ఇది నిజంగా లెన్స్ సమస్యేనా?

హన్మకొండ_క్లిక్:
తమ్మీ, లెన్స్ సమస్య కానే కాదు, డబ్బులు జేబులోనే ఉంచుకో. నీ క్రాప్ బాడీ మీద 300 అంటే పెద్ద (ఫుల్ ఫ్రేమ్) సెన్సర్ మీద 450కి సమానం, నలభై అడుగుల్లో ఉన్న అంత పెద్ద పక్షికి అది చాలు.

అసలు జరుగుతున్నది ఏంటంటే, కెమెరా ఫ్రేమంతా చూసి వెలుగును ఒక మధ్యస్థానికి తేవాలని చూస్తుంది. బురద నల్లగా ఉంటుంది కాబట్టి ఫ్రేములో చీకటి ఎక్కువుంది అనుకుని వెలుగు పెంచుతుంది, ఆ దెబ్బకు కొంగ తెలుపు కరిగిపోతుంది. ఆకాశం వెనకాల వస్తే అమ్మో ఇంత వెలుగా అని తగ్గిస్తుంది, కొంగ నల్లబడుతుంది. కొంగ మీద పడే ఎండ మాత్రం రెండుచోట్లా ఒకటే, మారింది వెనకున్నదే. అందుకే పి మోడ్ వదిలి, అంకెలన్నీ మనమే పెట్టే మాన్యువల్‌కు రా.

నేనైతే ఇలా చేస్తాను. పొలానికి పోగానే తెల్ల తువ్వాలను ఎండ తగిలేలా గట్టు మీద పరుస్తాను, ఫ్రేము నిండా అదే వచ్చేలా ఒక ఫోటో తీస్తాను. ప్లేబ్యాక్‌లో హైలైట్స్ ఆన్ చేసి పెట్టుకుంటే తెలుపు ఎక్కువైన చోట మినుకుమినుకుమని మెరుస్తుంది. ఆ మెరుపు ఆగిపోయేదాకా షట్టర్ వేగం పెంచుకుంటూ పోయి అక్కడ ఆపేస్తాను. ఎండ మారనంతవరకు ఇక ఆ అంకెలు ముట్టుకోను, కొంగ బురదలో ఉన్నా తాటిచెట్ల మీదుగా పోయినా ఆకాశంలోకి లేచినా సరే. మబ్బు అడ్డమొస్తే మళ్లీ తువ్వాల దగ్గరికే. లెక్క కావాలంటే, ఎండ బాగా కాస్తున్నప్పుడు ఎఫ్ 8 (లెన్స్ రంధ్రం, అంకె తగ్గితే వెలుగు ఎక్కువ), ఐఎస్ఓ 400 (వెలుగుకు సెన్సర్ స్పందన), షట్టర్ సెకనులో 1/1600 మామూలు రంగు పక్షికి సరిపోతుంది, తెల్లదానికి 1/2500, 1/3200 దాకా పోవచ్చు. ఎండ అప్పుడే పొడుస్తున్నప్పుడు వెలుగు తక్కువ కదా, ఎఫ్ 5.6కి దిగి ఐఎస్ఓ 800, 1600 పెట్టు, నాయిస్ (ఫోటోలో ఇసుక చల్లినట్టు చుక్కలు) వస్తుందని భయపడకు. ఎగిరేదానికి షట్టర్ 1/1600 కిందికి దించకు, ఊరికే నిల్చుంటే 1/500 చాలు.

ఇంకోటి, జేపెగ్ కాకుండా సెన్సర్ వివరమంతా ఉండే రా ఫైల్‌లోనే తియ్. ఈ కొంగ రెక్కల ఈకలు నలుపు, ఒళ్లు తెలుపు, రెండూ ఒకేసారి సరిగ్గా రావు. తెలుపును కాపాడుకుంటే నలుపును తర్వాత కొంచెం లేపుకోవచ్చు, తెలుపు పోయిందంటే మాత్రం మళ్లీ రాదు.

నర్సంపేట_రైతుబిడ్డ:
సెట్టింగుల సంగతి పై అన్న చెప్పాడు, నేను కూర్చునే చోటు గురించి చెప్తా. కొంగల వెంట నడవకండి, నడిచినకొద్దీ అవి జరుగుతూనే ఉంటాయి. ట్రాక్టర్ ఆ కొసకు పోయి మళ్లీ ఇటే తిరిగొస్తుంది, దానితోపాటే అవీ వస్తాయి, మీరు గట్టు దిగువన కదలకుండా కూర్చుంటే చాలు. పొలం వాళ్లకు ముందే ఒక మాట చెప్పండి.

కూర్చునేటప్పుడు ఎండతోపాటు గాలి కూడా చూసుకోండి. పెద్ద పక్షులు దిగేటప్పుడూ లేచేటప్పుడూ గాలికి ఎదురుగానే వస్తాయి. చలికాలంలో మన దగ్గర గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి కాబట్టి, పొద్దున్నే ఎండ వీపుకు తగిలేలా కూర్చుంటే గాలి కూడా వెనకే ఉంటుంది, దిగే కొంగ నేరుగా మీ ముఖం వైపే రెక్కలు విప్పుకుని వస్తుంది. పొలంలో నీళ్లుంటే ఇంకా మంచిది, ఆ వెలుగు కింది నుంచి తిరిగి కొట్టి రెక్కల లోపలివైపు నల్లబడకుండా ఉంటుంది. తొమ్మిది దాటాక ఇక తీయకండి. నేల వేడెక్కి గాలి వణుకుతుంటే ఎంత మంచి లెన్సుకైనా ఈకలు మసకగానే వస్తాయి.

మంచిర్యాల_అడవిబాట:
ఎండ ఎప్పుడూ వీపు వెనకే ఉండాలన్నదానికి నేను ఒప్పుకోను. అలా తీస్తే వివరం వస్తుంది కానీ పక్షి అట్టముక్కలా చదునుగా ఉంటుంది. పొద్దు పొడిచిన మొదటి అరగంట ఎండకు ఎదురుగా తిరిగి, వెనక చెట్ల నీడ వచ్చేలా చూసుకో. కొంగ చుట్టూ బంగారు గీత గీసినట్టు వస్తుంది, చల్లటి పొద్దున ఆ వెలుగులో పొలం మీది మంచు కూడా పొగలా కనిపిస్తుంది. నర్సంపేట దగ్గరి పాకాల వెళ్తే చెరువు చుట్టూ అడవి గుట్టలే కాబట్టి ముదురు రంగు నేపథ్యానికి వెతుక్కోనక్కర్లేదు.

ఒక్కటి మాత్రం చేతులెత్తి అడుగుతున్నా. గూళ్ల దగ్గరికి వెళ్లకండి. ఎర్రకాళ్ల కొంగలు ఎండ ముదిరాక గూటి మీద రెక్కలు గొడుగులా విప్పి పిల్లలకు నీడ పడతాయి. మనం చెట్టు కిందికి పోయి దాన్ని లేపామంటే ఆ పిల్లలు నెత్తిన ఎండతో, చుట్టూ కాకులతో మిగిలిపోతాయి. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద గూళ్లు కట్టిన పొడుగు ముక్కు రాబందులైతే జంటకు ఏడాదికి ఒక్క గుడ్డే పెడతాయి. అటు పోవాలనుకుంటే అటవీ శాఖ అనుమతి తీసుకో, డ్రోన్ అసలే వద్దు.

పరకాల_పొలంగట్టు:
అన్నలందరికీ చాలా థాంక్స్. ఇవాళ మా బాపు తువ్వాలే పరిచాను. మొదట 1/1000లో అంతా మెరిసింది, 1/2500కి ఆగింది. ట్రాక్టర్ నడిపే మామ కూడా సరే అన్నాడు, గట్టు పక్కన రెండు గంటలు కూర్చున్నాను. ఎనిమిదింటికి ఒకటి నా ముందే దిగింది. ఈకలు విడివిడిగా వచ్చాయి, ముక్కు పై భాగం, కింది భాగం మధ్య ఉన్న సందులోంచి వెనక బురద కూడా కనిపిస్తోంది. ఎగిరినవి పది తీస్తే రెండింట్లోనే ఫోకస్ కుదిరింది, కానీ నల్లగా మాత్రం రాలేదు. రేపు మొదటి అరగంట ఎండకు ఎదురుగా కూర్చుంటాను. ఇంకా రెండు మళ్లు దున్నేది ఉందని మామ చెప్పాడు.