దిక్పాలకుల పాదాల కింది అమనోజాకు

ప్రశ్న: జపాన్ ఆలయాలలో బిషామొన్‌తెన్ మొదలైన నలుగురు దిక్పాలకుల పాదాల కింద నలుగుతూ కనిపించే చిన్న దెయ్యమూ, జానపద కథలలో చెప్పిన ప్రతి మాటకూ అడ్డం తిరిగే అల్లరి అమనోజాకూ ఒకటేనా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1: ఆ బొమ్మను అమనోజాకు అనడం అక్కడ వాడుకలో ఉందండి. శిల్ప పరిభాషలో మాత్రం అది ధర్మానికి ఎదురు నిలిచిన ‘జాకి’, అంటే దుష్ట దెయ్యం. బిషామొన్‌తెన్ మన వైశ్రవణుడే, అంటే కుబేరుడే, కనుక ఆ దేవతామూర్తి మూలం భారతదేశంలోనే ఉంది.

జవాబు 2: నారాలోని కోఫుకుజి ఆలయానికి చెందిన జంటను తప్పక చూడండి. మామూలుగా కాళ్ళ కింద అణిగి ఉండే దెయ్యాలను లేపి నిలబెట్టి, వాటిచేత దీపాలు మోయించారు. 1215లో శిల్పి ఉన్‌కేయ్ కుమారుడు కోబెన్ చెక్కిన ర్యూతోకి, మెడకు చుట్టుకున్న డ్రాగన్ తోకను చేత్తో పట్టుకుని, నెత్తిమీది దీపం వైపు కనుగుడ్లు పైకి తిప్పి చూసే తీరు అద్భుతం. దాని జోడు తెంతోకి దీపాన్ని ఎడమ భుజాన ఎత్తుకుని నోరు తెరిచి ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండి. మరి ర్యూతోకి నోరు మూసుకుని ఉండడానికి కారణమేమిటి?

జవాబు 2: జంటలో ఒకటి నోరు తెరిచి, రెండవది మూసి ఉండడం అక్కడి ద్వారపాలకులైన నియో విగ్రహాలలోనూ కనిపించే సంప్రదాయమేనండి.